ఇంటి అక్వేరియానికి ఏ ప్లాస్టిక్ పైపులు మంచివి? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో చిన్న గాజు తొట్టితో మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరిగేసరికి నాలుగడుగుల ట్యాంకు, కింద ఫిల్టర్ సంపు (నీళ్లు శుద్ధయ్యే రెండో తొట్టి), మధ్యలో పైపులు, వాల్వులు దాకా వస్తున్నారు. అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఏ పైపు కొనాలి, ఏ గమ్ వాడాలి, ప్లంబర్ తెచ్చిన సామానుతో చేపలకు ఏమన్నా అవుతుందా అని అడుగుతుంటారు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల నుంచి అడిగేవాళ్లవీ దాదాపు ఇవే ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెప్తాను. ప్లాస్టిక్ పేరు కంటే ఆ పైపును దేనికోసం తయారుచేశారు, దాన్ని దేంతో అతికించారు అన్నవే ముఖ్యం. మంచినీళ్ల కోసం చేసిన పైపు చేపలకు హాని చేయడం అరుదు. హాని ఎక్కువగా జాయింట్ల దగ్గర నుంచి, వాచర్ల నుంచి, పాత సామాను నుంచి వస్తుంది.

పీవీసీ పైపు చేపలకు విషమా?

గట్టి పీవీసీ, అంటే దుకాణాల్లో యూపీవీసీ అని అమ్మేది, విషం కాదు. ప్రపంచమంతటా హేచరీల్లో, పబ్లిక్ అక్వేరియాల్లో వాడేది ఎక్కువగా ఇదే. పీవీసీని మెత్తగా చేయడానికి కలిపే ప్లాస్టిసైజర్ నూనెలు ఇందులో ఉండవు.

అనుమానించాల్సింది స్టెబిలైజర్‌ని. పైపును వేడిచేసి పోతపోసేటప్పుడు పీవీసీ చెడిపోకుండా దాన్ని కలుపుతారు. మన దేశంలో ఏళ్ల తరబడి దీనికి సీసం సమ్మేళనాలు వాడారు. పైపు లోపలి గోడ మీదున్న సీసం కొత్తలో ఎక్కువగా నీళ్లలోకి దిగుతుంది, తర్వాత తగ్గుతుంది. నీళ్లు మెత్తగా, కొంచెం ఆమ్లంగా ఉంటే మరింత దిగుతుంది. ఈ సీసం వాడకాన్ని ఆపేందుకు కేంద్ర పర్యావరణ శాఖ 2021లో పీవీసీ పైపులు, ఫిట్టింగుల కోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు దాని బదులు కాల్షియం-జింక్ లేదా టిన్ సమ్మేళనాలు కలిపిన పైపులు దొరుకుతున్నాయి. కాబట్టి కొత్త పైపు, పేరున్న కంపెనీది కొనండి. ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన పాత పైపు ముక్కలు ఊరికే వస్తున్నాయి కదా అని చేపల ట్యాంకుకు పెట్టకండి.

షాపులో పైపు మీద ఏం చూడాలి?

పైపు పొడవునా సన్నటి అక్షరాల్లో ప్రింట్ ఉంటుంది. తొందరపడకుండా దాన్ని చదవండి. ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం. ఐఎస్ 4985 అని ఉంటే అది మంచినీటి సరఫరా కోసం చేసిన యూపీవీసీ పైపు. ఐఎస్ 15778 అంటే వేడినీళ్లకూ చన్నీళ్లకూ పనికొచ్చే సీపీవీసీ. ఐఎస్ 4984 అంటే మంచినీటి హెచ్‌డీపీఈ, అంటే గట్టి పాలీఇథిలీన్ పైపు. ఈ మూడింట్లో ఏదైనా సరే.

ఐఎస్ 13592 ఉంటే అది బాత్రూం, మురుగు నీళ్ల పైపు. ట్యాంకు నుంచి బయటికి పారబోసే లైనుకు అది వేసుకోవచ్చు. తిరిగి ట్యాంకులోకి వచ్చే నీళ్లకు మాత్రం వద్దు. ఐఎస్ 9537 ఉంటే అది కరెంటు వైర్లు లాగే కండ్యూట్. తెల్లగా, సన్నగా, చవకగా ఉంటుంది కాబట్టి చాలామంది స్ప్రే బార్ (నీళ్లు చిమ్మే రంధ్రాల గొట్టం) చేయడానికి దీన్నే కొంటారు. నీళ్లు మోయడానికి, తాగే నీళ్ల పరీక్షలకు నిలబడడానికి దాన్ని తయారుచేయలేదు. మిగిలేది పాతిక రూపాయలు. అంతకోసం ఎందుకు?

ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు కూడా ఉండాలి. ఆ నంబరును ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో తెలిసిపోతుంది. ప్రింటే లేని పైపును ముక్కల కింద అమ్ముతుంటే తీసుకోకండి. దుకాణంలో “అన్నా, మంచినీళ్ల లైనుకు పెట్టే పైపు కావాలె” అని అడగండి. చేపల ట్యాంకుకు అంటే చాలాసార్లు “దానికేదైతేంది” అని చేతికందింది ఇస్తారు.

ఎంత ప్రెషర్ క్లాసు పైపు తీసుకోవాలి?

దీని గురించి అంత ఆలోచించక్కర్లేదు. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మన ట్యాంకు, స్టాండు కలిపి రెండు మీటర్లు కూడా ఉండవు. ఏ క్లాసైనా తట్టుకుంటుంది. కాస్త మందంగా ఉన్నది తీసుకుంటే వంగదు, అంతే.

యూపీవీసీ, సీపీవీసీ రెండింట్లో ఏది?

చేపల వరకు రెండూ ఒకటే. సీపీవీసీ 93 డిగ్రీల దాకా వేడినీళ్లను తట్టుకుంటుంది, మనకు ఆ అవసరం లేదు. ధర ఎక్కువ. అయినా ఇళ్లలో బాత్రూం పని అయ్యాక మిగిలిన పసుపు రంగు ముక్కలు ఉంటాయి కాబట్టి వాడుతుంటారు. వాడుకోండి, కానీ సైజుల విషయంలో జాగ్రత్త.

ముప్పావు ఇంచు అని అడిగితే మార్కెట్లో మూడు రకాల పైపులు చేతికొస్తాయి. సీపీవీసీ ముప్పావు పైపుకు బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు. ఐఎస్ 4985 కింద వచ్చే పైపుకు 25. ఇంటి ప్లంబింగ్‌కు అమ్మే తెల్లటి షెడ్యూల్ 40 యూపీవీసీకి 26.7. అన్నీ ముప్పావే, కానీ ఒకదాని ఎల్బో ఇంకోదానికి పట్టదు. 25 పైపును 26.7 ఫిట్టింగులో పెడితే లూజుగా కూర్చుంటుంది. ఆ సందు నిండేదాకా గమ్ పోసి సరిపెడతారు. ఇంట్లో లీకులకూ, నీళ్లలో కలిసే గమ్ ముద్దలకూ ఇదే మూలం. పైపు, ఎల్బో, టీ, యూనియన్ అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకే దుకాణంలో తీసుకోండి. గమ్ వేయకుండా ఒకసారి అన్నీ బిగించి చూడండి. ఎల్బోలో పైపు సగం దాకా వేలి ఒత్తిడితో వెళ్లి, ఆ పైన బిగుసుకోవాలి. మొత్తం జారిపోయిందంటే జత తప్పు.

తోటకు వాడే ఆకుపచ్చ పైపు ఫిల్టర్‌కు పెట్టవచ్చా?

వద్దు. మెత్తటి పీవీసీ గొట్టంలో ప్లాస్టిసైజర్ బాగా కలుపుతారు. అది ప్లాస్టిక్‌కు రసాయనికంగా అతుక్కుని ఉండదు, మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. తోట పైపులు తాగే నీళ్ల కోసం చేసినవి కావు కాబట్టి వాటిలో ఏ రంగు, ఏ పాత ప్లాస్టిక్ కలిపినా అడిగేవాళ్లు లేరు. ఎండలో పెట్టిన కొత్త తోట పైపు నుంచి వచ్చే మొదటి నీళ్లను చేతిలో పట్టి వాసన చూడండి, మీకే అర్థమవుతుంది.

మెత్తటి గొట్టమే కావాలంటే ఆహార పదార్థాలకు పనికొస్తుందని రాసి ఉన్న పీవీసీ గొట్టం తీసుకోండి, లేదా సిలికాన్ గొట్టం. గాలి పంపుకు సిలికాన్ చాలా బాగుంటుంది, ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది. చవక పారదర్శక గొట్టం కొన్నాళ్లకు గట్టిపడి, పసుపెక్కి, చివర పగులుతుంది. మొక్కల ట్యాంకుకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లు మాత్రం సిలికాన్ వాడకండి, ఆ గ్యాసు సిలికాన్ గోడలోంచి బయటికి పోతుంది. దానికి పాలీయురెథేన్ గొట్టం వాడాలి.

పొలంలో వాడిన డ్రమ్ము, స్ప్రేయర్ గొట్టం బాగా కడిగి వాడుకోవచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకు నేను కొంచెం గట్టిగానే చెప్తాను. ఎంత కడిగినా వద్దు.

మనది పత్తి, మిర్చి పండే ప్రాంతం. వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా మందు కొట్టే పంపులు, వాటి గొట్టాలు, ఖాళీ క్యాన్లు కనిపిస్తాయి. చూడడానికి గట్టిగా, మంచి ప్లాస్టిక్‌తో చేసినట్టే ఉంటాయి, నిజంగా మంచి ప్లాస్టిక్కే. కానీ పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు లీటరు నీళ్లలో మైక్రోగ్రాముల్లో ఉన్నా చేపల్ని చంపుతాయి. రొయ్యలకు అంతకంటే తక్కువ చాలు. ఇవి నూనెలో కరిగే మందులు. హెచ్‌డీపీఈ డబ్బా గోడ వాటిని లోపలికి పీల్చుకుని, తర్వాత నీళ్లలోకి కొద్దికొద్దిగా వదులుతుంది. సర్ఫుతో కడిగినా, ఎండబెట్టినా పైపైన ఉన్నదే పోతుంది. పైగా ఆ కడిగిన నీళ్లు మోరీలోకి, అక్కడి నుంచి చెరువులోకి వెళ్తాయి, ఆ నష్టం వేరే.

రెండు వందల లీటర్ల నీలం డ్రములు సంపు కోసం చాలామంది కొంటారు. అవి హెచ్‌డీపీఈ, పదార్థం మంచిదే. అంతకుముందు అందులో ఏముందో తెలియాలి. నూనె, చక్కెర పాకం, తినే సామాను వచ్చిన డ్రమ్ము అని లేబులుతో సహా కనిపిస్తే తీసుకోవచ్చు. లేబులు చించేసి, లోపల ఏదో ఘాటు వాసన వస్తుంటే అక్కడే వదిలేయండి. కొత్త నీళ్ల ట్యాంకు, ఐఎస్ 12701 ముద్ర ఉన్నది చిన్నది కొనడం మేలు.

దీనికి దగ్గరి సంగతి ఇంకొకటి. దోమల మందు మెషిన్లలో ఉండేవీ ఈ జాతి మందులే. గాలి పంపు ఆ గదిలోని గాలినే లాగి నీళ్లలోకి కొడుతుంది. ఆ మెషిను అక్వేరియం గదిలో పెట్టకండి, దోమతెర వాడండి.

నల్ల డ్రిప్ లాటరల్ పైపు, బోరు పైపు సంగతి?

ఇవి పాలీఇథిలీన్. దీనికి ప్లాస్టిసైజర్ అక్కర్లేదు కాబట్టి పదార్థంగా చేపలకు సురక్షితం. చిక్కంతా రీసైకిల్ సరుకుతోనే. కొత్త సరుకుతో చేసిన పైపు లోపల నున్నగా, నల్లగా మెరుస్తుంది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసినది గరుకుగా, అక్కడక్కడ బొడిపెలతో ఉండి, కోసినచోట కాలిన వాసన వస్తుంది.

ఒక ప్లాస్టిక్ ముక్క ఏ జాతిదో అనుమానంగా ఉంటే చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు పోయేలా తుడిచి వదలండి. పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ నేరుగా అడుక్కి వెళ్తుంది, దాని సాంద్రత 1.4 దగ్గర ఉంటుంది. ఏబీఎస్, యాక్రిలిక్ కూడా మునుగుతాయి, ఏబీఎస్ మాత్రం నెమ్మదిగా దిగుతుంది. నిప్పుతో కాల్చి చూసే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. దాని జోలికి పోకండి, పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ వస్తుంది.

తేలే ప్లాస్టిక్కులకు పీవీసీ గమ్ అంటదు, సిలికాన్ కూడా పట్టదు. వాటికి మరలు తిప్పే ఫిట్టింగులో, వేడితో అతికించే పనో కావాలి.

పైపు గమ్ వల్ల చేపలు చనిపోతాయా?

ఆరకముందు నీళ్లు తగిలితే చనిపోవచ్చు. ఆరిన తర్వాత భయం లేదు. సొల్యూషన్ అని మనం కొనే డబ్బాలో పీవీసీ పొడిని టెట్రాహైడ్రోఫ్యూరాన్, సైక్లోహెక్సనోన్ లాంటి ద్రావకాల్లో కరిగించి ఉంచుతారు. అది పైపును, ఫిట్టింగును కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది పీవీసీ మాత్రమే.

అందుకే ఎంత పూస్తున్నామన్నది చూసుకోవాలి. పైపు బయట పలుచగా, ఫిట్టింగు లోపల ఇంకా పలుచగా. ఫిట్టింగు లోపల ఎక్కువ పూస్తే పైపు దూర్చినప్పుడు అది లోపలికి నెట్టుకుపోయి ముద్దకడుతుంది. పైకి ఆరినట్టు కనిపించే ఆ ముద్ద లోపల రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. దూర్చి, పావు వంతు తిప్పి, అర నిమిషం పట్టుకోండి. ఇరవైనాలుగు గంటలు వదిలేయండి. వానాకాలంలో, తేమ ఎక్కువున్న రోజుల్లో ఇంకో రోజు ఆగితే మంచిది. తర్వాత మామూలు నీళ్లు పోసి పారబోయండి. పైపు చివర ముక్కు పెడితే గమ్ వాసన తెలుస్తుంటే ఇంకా ఆరలేదని లెక్క. పని చేసేటప్పుడు కిటికీలు తెరవండి, దగ్గర్లో అగ్గి ఉండకూడదు.

సీపీవీసీకి సీపీవీసీ గమ్మే వాడాలి. ఆ డబ్బా వేరే ఉంటుంది.

మరల దగ్గర లీక్ అవుతుంటే ఏం చుట్టాలి?

తెల్లటి టెఫ్లాన్ టేపు. అది ఏ రసాయనంతోనూ కలవదు. పాత ప్లంబర్లు జనపనార చుట్టి సఫేదా (తెల్ల రంగు ముద్ద) పూస్తారు. ఇనుప పైపులకు వాళ్లు నేర్చుకున్న పద్ధతి అది. సఫేదాలో సీసం ఉండొచ్చు, మనకు అస్సలు వద్దు. పనికి వచ్చిన పెద్దాయనకు ముందే మర్యాదగా చెప్పండి: “తాతా, ఇది చేపలకు, టేపు ఒక్కటే చుట్టండి.” చెప్తే వింటారు. ప్లాస్టిక్ మరలను చేత్తో బిగించి, ఆ పైన సగం చుట్టు చాలు. పాన పెట్టి లాగితే ఫిట్టింగు పగులుతుంది.

వాచర్‌కు సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టవచ్చా?

పెట్టకండి. టైరు, ట్యూబు రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలిపి ఉంటుంది. నీళ్లలో నానుతున్న కొద్దీ జింక్ బయటికి వస్తుంది. ట్యాంకు నిపుల్‌తో పాటు వచ్చిన వాచర్ వాడండి, లేకపోతే సిలికాన్ లేదా ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) వాచర్ అడగండి.

సీపీవీసీ ఫిట్టింగుల్లో ఇత్తడి మరలు ఉంటాయి కదా, పర్వాలేదా?

ప్లాస్టిక్ ప్లంబింగ్ వేశామని నిశ్చింతగా ఉన్నవాళ్ల ఇళ్లలో రొయ్యలు, నత్తలు ఎందుకు బతకడం లేదో వెతికితే చాలాసార్లు దొరికేది ఇదే. ఇత్తడి అంటే రాగి, జింక్. రాగి చేపల కంటే రొయ్యలకు, నత్తలకు చాలా తక్కువ మోతాదులోనే ప్రమాదం.

మన బోరు నీళ్లు బాగా కఠినంగా ఉంటాయి. ఆ కాఠిన్యం రాగి విషాన్ని కొంత తగ్గిస్తుంది, అందుకే చాలామందికి తేడా తెలియదు. ఆర్‌ఓ నీళ్లు కలిపే ట్యాంకుల్లో ఆ రక్షణ ఉండదు. అవే ఇత్తడి మరలు అక్కడ ఎక్కువ హాని చేస్తాయి. పూర్తిగా ప్లాస్టిక్ మరలున్న ఫిట్టింగులు, ప్లాస్టిక్ బాల్ వాల్వులు దొరుకుతాయి, అవే తీసుకోండి. జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) నిపుల్ ఒక్కటి మధ్యలో ఉన్నా తీసేయండి.

సీలెంట్‌గా ఏ సిలికాన్?

పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది, ఏమీ కలపనిది. బూజు పట్టదని ట్యూబు మీద రాసి ఉన్న బాత్రూం సిలికాన్ వద్దు, అందులో బూజును చంపే మందు ఉంటుంది. పీవీసీ పైపు జాయింట్లకు సిలికాన్ నమ్మకమైన అతుకు కాదు. అది గాజుకు గాజు పట్టుకోవడానికి.

కొత్త పైపుల్ని ఎలా కడగాలి?

అచ్చులోంచి సులువుగా రావడానికి ఫిట్టింగులకు నూనె లాంటిది పూస్తారు. కోసిన చోట పొడి, నూగు ఉంటాయి. నూగును బ్లేడుతో గీకి, గోరువెచ్చని నీళ్లతో బాటిల్ బ్రష్ పెట్టి కడగండి. సబ్బు, గిన్నెల లిక్విడ్ వద్దు. తర్వాత రెండు మూడు రోజులు బకెట్లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. చివరి రోజు ఆ నీళ్లను వెలుతురులో చూడండి. పైన నూనె తెట్టు, నురగ, వాసన ఏదీ లేకపోతే బిగించుకోవచ్చు.

ముందుగా రెండు గప్పీల్ని వదిలి చూడమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. బకెట్, ముక్కు, రెండు రోజుల ఓపిక ఆ పని చేస్తాయి.

కొత్త ప్లంబింగ్ వేశాక చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పైపు తప్పేనా?

ముందు నీళ్లను అనుమానించండి. నగరంలో నల్లా నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నుంచి వచ్చి, శుద్ధి అయి, క్లోరిన్ కలిపాక మన ఇంటికి చేరుతాయి. కొత్త ప్లంబింగ్ వేసినవాళ్లు అదే రోజు ట్యాంకంతా కొత్త నీళ్లతో నింపుతారు, ఫిల్టర్ మీడియాను కూడా నల్లా నీళ్లతో కడుగుతారు. క్లోరిన్ ఒక వైపు, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా చనిపోయి పెరిగే అమోనియా ఇంకో వైపు. నింద పైపు మీద పడుతుంది. సోడియం థయోసల్ఫేట్ ఉన్న డీక్లోరినేటర్ వేయండి, అమోనియా టెస్ట్ చేయండి.

రెండూ బాగుండి, నీళ్లకు రసాయన వాసన ఉన్నా, నత్తలు ముడుచుకుని పడిపోతున్నా అప్పుడు ప్లంబింగ్ వైపు చూడాలి. సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. ద్రావకాలు, ప్లాస్టిసైజర్లు దానికి బాగా అంటుకుంటాయి. రాగి, జింక్ లాంటి లోహాలకు కార్బన్ అంత నమ్మకం కాదు, ఆ ఇత్తడి ముక్కను తీయాల్సిందే.

ఎండాకాలంలో వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు దాటే రోజులు వస్తాయి. డాబా మీది పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతాయి. వేడి పెరిగితే ప్లాస్టిక్‌లో ఉన్నది నీళ్లలోకి త్వరగా దిగుతుంది. మధ్యాహ్నం ట్యాంకులోకి నేరుగా నల్లా తిప్పకండి. పొద్దున్నే మొదటి రెండు బకెట్లు మొక్కలకు పోసి, ఆ తర్వాతి నీళ్లు పట్టండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువ. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా ఉండేది, 32 దగ్గర ఏడు చిల్లరకు పడిపోతుంది. అందుకే చిన్న కల్తీకి కూడా చేపలు వేసవిలో తొందరగా లొంగిపోతాయి. యూపీవీసీ ఎండలో సున్నం రాలినట్టు పొడిబారుతుంది కాబట్టి బాల్కనీలో పైపు ఉంటే బయట రంగు వేయండి.

కరెంటు పోతే సంపు పొంగుతుంది. దీనికి నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రానివ్వనిది) సరిపోతుందా?

దాని మీదే ఆధారపడకండి. నాచు, ఇసుక రేణువు అడ్డుపడితే అది పూర్తిగా మూసుకోదు. సంపు నుంచి నీళ్లు పైకి తెచ్చే రిటర్న్ పైపు ట్యాంకులోకి దిగేచోట, నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేయండి. పంపు ఆగి నీళ్లు వెనక్కి రావడం మొదలైతే మట్టం ఆ రంధ్రం దాకా దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఈ రంధ్రం నాచుతో మూసుకుపోతుంది కాబట్టి వారానికోసారి పుల్లతో పొడవండి. సంపులో అంత నీళ్లు పట్టే ఖాళీ ఎప్పుడూ ఉంచండి. పని పూర్తయిన రోజే, మీరు పక్కన ఉన్నప్పుడు, పంపు స్విచ్ ఆపి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసి, సంపు గాజు మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి.